దోమక్క ఎదురుచూపు

మా ఆస్పత్రిలో రక్తం తీసే గదికి తలుపు లేదు, పచ్చటి తెర ఒక్కటే. ఆ తెర వెనక ముప్ఫై ఏళ్ళకు పైగా కూర్చున్న ఆవిడ అసలు పేరు జీతం కాగితాల మీద తప్ప ఎక్కడా కనపడేది కాదు. అందరికీ ఆవిడ దోమక్క. సూదిని చూసి గుక్కపట్టే పిల్లలతో "దోమ కుట్టినట్టుంటుంది నాన్నా, అంతే" అని అనీ అనీ తెచ్చుకున్న పేరది. మొదట్లో ఎవరో వెనకాల అన్నారు, తర్వాత మొహం మీదే అన్నారు, చివరికి పెద్ద డాక్టర్లు కూడా "దోమక్కను పిలవండి" అనడం మొదలెట్టారు. ఆవిడ ఏమీ అనుకునేది కాదు. "నల్లి అననందుకు సంతోషించాలి" అనేది.

నేను పక్క గదిలో పనిచేసేదాన్ని. ఆవిడ తీసిన రక్తం నా యంత్రాల్లోకి వచ్చేది. మా ఇద్దరి మధ్య ఒక గాజు గోడ, ఆ గోడలో పళ్ళెం పట్టేంత కిటికీ. అందులోంచి ట్యూబులు అందిస్తూ రెండు మాటలు, ఖాళీ పళ్ళెం తీసుకుంటూ రెండు మాటలు. అలా ముక్కలు ముక్కలుగా ఒకరి సంగతులు ఒకరికి తెలిశాయి.

ఆవిడ పనితనం చూడాల్సిందే. పక్కన గ్లాసులో వేణ్ణీళ్ళు పెట్టుకునేది. చల్లటి వేళ్ళు తగిలితే నరం భయపడి లోపలికి పోతుందని, ప్రతి మనిషికీ ముందు వేళ్ళు వెచ్చబెట్టుకునేది. తర్వాత మోచేతి మడతలో వేలు ఆనించి, ఎక్కడో కిటికీ వైపు చూస్తూ నరాన్ని పట్టేది.

సొంత కథ అడిగితే రెండు ముక్కల్లో తేల్చేసేది. పెళ్ళయింది. కొన్నేళ్ళకు భర్త వేరే ఊళ్ళో పని దొరికిందని వెళ్ళి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. "ఆయనకి ఆ ఊరి నీళ్ళు పడ్డాయిలే" అని నవ్వేసేది. పిల్లలు లేరు. చెప్పుల దుకాణం మీద రెండు గదుల్లో ఒక్కతే ఉండేది. కింద నుంచి తోలు వాసన, జిగురు వాసన వచ్చేవి. ఆదివారాలు ఏం చేస్తావక్కా అంటే, "సోమవారం కోసం చూస్తా" అనేది.

ఆవిడకు ఒక బెంగ ఉండేది. ఏళ్ళ తరబడి వచ్చే రోగులు ఉన్నట్టుండి రావడం మానేసేవారు. తగ్గి మానేశారో, వేరే ఆస్పత్రికి వెళ్ళారో, అసలు లేనే లేరో, తెర వెనక కూర్చున్న మనిషికి ఎవరొచ్చి చెప్తారు? "ఆ నీలం టోపీ ముసలాయన ఈమధ్య కనపడట్లేదేంటే?" అని నన్నడిగేది. నాకు మాత్రం ఏం తెలుసు? నాకు కనపడేది ట్యూబు మీద అంకె. "సినిమా సగంలో కరెంటు పోయినట్టుంటుంది పిల్లా నా ఉద్యోగం" అనేది.

అలాంటి రోజుల్లో మా డాక్టరమ్మ ఒక పరిశోధన మొదలుపెట్టింది. కిడ్నీ క్యాన్సర్ వైద్యంలో ఆవిడది పెద్ద చెయ్యి. మాట తక్కువ, ఓపిక ఎక్కువ. కిడ్నీలో గడ్డ తీసేశాక కొందరికి మళ్ళీ రాదు. కొందరికి ఊపిరితిత్తుల్లోనో ఎముకల్లోనో మళ్ళీ తలెత్తుతుంది. ఎవరికి ఎలా అవుతుందో రక్తం ముందుగా ఏమన్నా చెప్తుందా అన్నది ఆవిడ ప్రశ్న. ఒంట్లో ఎక్కడో రగులుతున్నప్పుడు పెరిగే సీఆర్పీ అనే ప్రొటీను, తెల్లకణాల్లో రెండు రకాల మధ్య నిష్పత్తి, హిమోగ్లోబిన్, కాల్షియం, కణాలు దెబ్బతింటే రక్తంలోకి కారే ఎల్‌డీహెచ్, ఇవన్నీ ఆపరేషన్‌కు ముందు ఒకసారి చూడాలి, తర్వాత మూడు నెలలకోసారి చూడాలి. ఆ మనుషులు ఎలా ఉన్నారో ఏళ్ళ తరబడి కనుక్కుంటూ ఉండాలి.

డాక్టరమ్మ మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. "ఈ అంకెలు వందమందిలో ఎంతమందికి ఏమవుతుందో చెప్తాయి. ఆ వందలో మన ఎదురుగా కూర్చున్నాయన ఎవరో చెప్పవు. అది మర్చిపోవద్దు. రోగుల ముందు మొహాలు జాగ్రత్త."

దోమక్కకు ఇవేమీ పట్టలేదు. ఆవిడ చెవికి ఒక్క మాటే ఎక్కింది. "అంటే చివరికేమైందో కనుక్కుంటారన్నమాట! మనకీ తెలుస్తుందన్నమాట!" అంది, మొహం చేటంత చేసుకుని.

ఆ పరిశోధనలో చేరినవాళ్ళలో ఒకడు లిఫ్టాయన.

అరవైకి దగ్గరపడిన బక్కపలచటి మనిషి. లిఫ్టులు బాగుచెయ్యడం ఆయన పని. ఎంత రుద్దినా వదలని గ్రీజు గోళ్ళ కింద నల్లగా ఇంకిపోయి ఉండేది. మూత్రం ఎర్రగా వస్తే వేడి చేసిందనుకుని, చెంబుల కొద్దీ నీళ్ళు తాగుతూ రోజులు నెట్టుకొచ్చాడు. చివరికి నడుం పట్టేసి వస్తే, ఎడమ కిడ్నీలో గడ్డ బయటపడింది. భార్య పోయి చాలా కాలమైంది. ఒక్కతే కూతురు, పెళ్ళి చేసుకుని బస్సులో పూటంతా ప్రయాణం చేస్తే గాని రాని ఊళ్ళో ఉండేది.

మొదటిసారి దోమక్క ముందు కూర్చోగానే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. గాజు గోడ ఇవతల నుంచి నేను చూస్తూనే ఉన్నాను.

"ఏంటండీ, నేనింకా సూదే తియ్యలేదు," అంది దోమక్క.

"తీశాక మూసుకుందామంటే, ఈలోగా చూసేస్తాను కదండీ."

"ఏం చేస్తుంటారు మీరు?"

"లిఫ్టు మెకానిక్‌నండీ. లిఫ్టు పెట్టె నెత్తి మీద నిలబడి పైదాకా పోతుంటా."

"అంతెత్తున వేలాడే మనిషికి ఈనెపుల్లంత సూదికి భయమా?"

"అక్కడ కిందంతా చీకటండీ, ఏమీ కనపడదు. ఇక్కడ అంతా కనపడిపోతోంది."

దోమక్క వేళ్ళు వేణ్ణీళ్ళలో ముంచి తుడుచుకుంటూ, "నాకైతే లిఫ్టంటేనే హడలండీ. ఆ తాడు కాస్తా తెగితే?" అంది.

లిఫ్టాయన కళ్ళు తెరిచాడు. "ఒక్క తాడుంటేగా తెగడానికి! మీరంతా ఇంతే. లోపల నాలుగైదు తాళ్ళుంటాయి. ఒకటి పోయినా మిగతావి మోస్తాయి. అన్నీ పోయినా పట్టాల్ని పట్టేసే బ్రేకుంటుంది. నిజం చెప్పాలంటే మెట్ల మీద జారిపడ్డవాళ్ళే ఎక్కువ..." అంటూ చేతిని గాల్లో తిప్పబోయాడు.

"కదపకండి. అయిపోయింది."

ఆయన తన మోచేతి మీద దూదిని తెల్లబోయి చూసుకున్నాడు. "అదేంటి, కుట్టనే లేదు!"

"మంచి దోమ అయితే కుట్టినట్టు తెలీదు లెండి," అంది ఆవిడ.

ఆపరేషన్ బాగానే జరిగింది. మూడు నెలలకు మళ్ళీ వచ్చాడు. ప్యాంటు నడుం దగ్గర ముడతలు పడేలా బెల్టు బిగించుకున్నాడు గాని మాటల్లో తేడా లేదు. "ఒక కిడ్నీ బరువు తగ్గింది, లిఫ్టు మీద భారం తగ్గిందండీ" అన్నాడు. ఆ తర్వాత సారి వేళకన్నా ముందే వచ్చి మా ఆస్పత్రి లిఫ్టు ముందు చెవి ఒగ్గి నిలబడ్డాడు. తలుపు రోలర్లు అరిగిపోయాయని, ఎవరూ పట్టించుకోకపోతే ఎప్పుడో ఒకరోజు సగంలో ఆగిపోతుందని దోమక్కకు ఫిర్యాదు చేశాడు. ఆవిడేదో లిఫ్టుల శాఖ మంత్రి అయినట్టు.

రక్తం ఇచ్చాక టీ తాగి వెళ్ళడం అలవాటైంది. వెనక మెట్ల మలుపులో, చీపుళ్ళు బకెట్లు పెట్టేచోట, ఒక చెక్క బెంచీ ఉండేది. దోమక్క టీ వేళకు ఇద్దరూ అక్కడ కూర్చునేవారు. గొప్ప మాటలేమీ కాదు. ఆయన లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళ సంగతులు చెప్పేవాడు. తలుపు తెరిచేదాకా బయట నుంచి వాళ్ళతో మాట్లాడుతూనే ఉండాలట, పనిలో సగం అదేనట. ఒకసారి మొగుడూ పెళ్ళాం ఇరుక్కుంటే, ఈయన కిందా మీదా పడి తలుపు తీసేసరికి, "కాస్త ఆగి తియ్యకూడదటయ్యా, ఇప్పుడిప్పుడే రాజీకొస్తున్నాం" అని మొగుడు విసుక్కున్నాడట. అది నాకు చెప్పడానికి వచ్చి, చెప్పలేక, కిటికీ పట్టుకుని దోమక్క నవ్విన నవ్వు ఇంకా గుర్తుంది.

ఆయన వచ్చే వారం దగ్గరపడుతుంటే ఆవిడ తెల్లకోటు ఇస్త్రీ మడతలు నలగకుండా ఉండేది. ఆయన వెళ్ళిపోయిన మర్నాడు మాత్రం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేది కాదు. పళ్ళెం కిటికీలోంచి తోసేసేది. మళ్ళీ మూడు నెలలు. ఒకరోజు తనే అంది.

"ఆయన రావాలంటే ఆయనకి జబ్బుండాలి. ఏం కోరికే ఇది నాది?"

"జబ్బు నువ్వు తెచ్చావా అక్కా?"

"తేలేదు. కానీ డాక్టరమ్మ 'ఇంక ఏడాదికోసారి వస్తే చాలు' అంటుందేమోనని భయపడ్డా మొన్న. ఎవరన్నా వింటే మొహాన ఉమ్మేస్తారు."

అంతకుముందు ఆవిడ ప్రతి రోగి ఫలితమూ నన్నడిగేది. ఆరోజు నుంచి, "ఆయనవి మాత్రం నాకు చెప్పకు. నేనడిగినా చెప్పకు" అంది. సరేనన్నాను. మాటివ్వడం తేలికే.

రెండో ఏడాది మధ్యలో ఆయన సీఆర్పీ కాస్త పెరిగింది. జలుబు చేసినా పెరుగుతుంది కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత సారి ఇంకా పెరిగింది. తెల్లకణాల నిష్పత్తి కూడా వంకర తిరిగింది, హిమోగ్లోబిన్ జారింది. డాక్టరమ్మ స్కానింగ్ రాసింది. నేను ఏమీ చెప్పలేదు. కానీ ఆరోజు పళ్ళెం అందుకుంటూ రోజూ ఆడే పరాచికం ఆడలేదు. దోమక్క నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, తెర లాగేసుకుంది.

ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న మచ్చలు కనపడ్డాయి.

ఆరోజు వాళ్ళు బెంచీ మీద చాలాసేపు కూర్చున్నారు. నేను చేతులు కడుక్కోవడానికి అటు వెళ్ళినప్పుడు ఆయన మాటలు చెవిన పడ్డాయి. "లిఫ్టు తాడంటే సన్నసన్న ఇనుప తీగలు పేనిందండీ. గుడ్డతో నిమురుతూ పోతుంటే తెగిన తీగ గుడ్డకి తగులుకుంటుంది. ఇన్ని తెగితే తాడు మార్చెయ్యాలని మాకు లెక్క. మార్చేస్తాం. ఆ తాడు ఇంకా ఎన్నాళ్ళు మోసేదో మాకెప్పటికీ తెలీదు, ఎందుకంటే ఆగి చూసినవాడు లేడు. నాది మార్చేది కాదు కదా. మీ డాక్టరమ్మే ఆగి చూస్తోంది."

"అలా అనకండి," అంది దోమక్క.

"బాధతో అనట్లేదండీ. ఎవరో ఒకరు చూడాలి కదా."

మాత్రలు మొదలుపెట్టారు. అవి వేసుకుంటే అరిచేతులు, అరికాళ్ళు మండిపోయేవి. పని మానెయ్యాల్సి వచ్చింది. కూతురు వచ్చి తనతో తీసుకెళ్తానంది. వెళ్ళేముందు ఆఖరిసారి రక్తం ఇవ్వడానికి వచ్చాడు. కూతురు బయట కుర్చీలో కూర్చుంది, గట్టిగా ఉండే పిల్ల, తండ్రి సంచి ఒళ్ళో పెట్టుకుని. లోపల వీళ్ళిద్దరూ ఏమన్నా మాట్లాడుకుంటారేమోనని నేను యంత్రం వైపు తిరిగి నిలబడ్డాను. నాకు వినపడింది ఇదీ:

"ఆ రోలర్లు మార్పించండి. మర్చిపోకండి."

"మీరు నీళ్ళు బాగా తాగండి."

అంతే. ఆయన వెళ్ళాక తెర చాలాసేపు తీయలేదు. బయట నలుగురు వేచి ఉన్నారు.

పరిశోధన ఆగలేదు. అక్కడి ల్యాబులో రక్తం తీసి, గడ్డకట్టాక పైకి తేలే సీరం అనే నీటిని వేరుచేసి, ఐసు ముక్కల మధ్య పెట్టి మాకు పంపే ఏర్పాటు డాక్టరమ్మ చేసింది. అలా మూడు నెలల తర్వాత ఒక పొద్దున తెల్లటి థర్మోకోల్ పెట్టె వచ్చింది. పెట్టెలు విప్పడం నా పని. కానీ దోమక్క రోగుల్ని కూర్చోబెట్టి వచ్చి, "నేను తీస్తా" అంది. టేపు ఊడదీసి, చల్లటి ట్యూబుల్ని రెండు వేళ్ళతో పైకెత్తింది. వాటి మీద ఆయన అంకె ఎవరిదో చేతిరాతలో ఉంది.

"ఊరు దాటొచ్చాడు," అంది. అని, నాకు అందించకుండా అలాగే నిలబడింది. నేను చెయ్యి చాచి అలాగే ఉంచాను.

ఆ తర్వాతి పెట్టె వచ్చినప్పుడు ఆవిడ ట్యూబు వెలుతురుకి పట్టి చూసి, కెవ్వుమన్నంత పని చేసింది. సీరం పలచటి పసుపు రంగులో ఉండాలి. అది గులాబీ రంగులో ఉంది. నరం దొరక్క పొడిచి, గట్టిగా లాగితే ఎర్రకణాలు పగిలి రంగు దిగుతుంది.

"చూశావా! చూశావా ఏం చేశారో! ఎన్నిసార్లు పొడిచుంటారో! అసలే సూదంటే వణికిపోయే మనిషి!"

మనిషి కనపడకుండా ఆయన పడ్డ బాధ అంతా ఆ రంగులో కనపడింది ఆవిడకి. నేను పరీక్ష చేస్తే ఎల్‌డీహెచ్ ఆకాశాన్ని తాకింది. డాక్టరమ్మ చూసి తల అడ్డంగా ఊపింది. "పగిలిన కణాల్లోంచి వచ్చింది కలిసిపోయింది. దీన్ని నమ్మలేం. ఉన్నదానికన్నా ఆయన పరిస్థితి ఘోరంగా ఉన్నట్టు చూపిస్తుంది. మళ్ళీ తీయించాలి."

"నేను వెళ్ళి తీసుకొస్తా," అంది దోమక్క.

డాక్టరమ్మ ఆవిడ వంక చూసింది. ఏదో అడగబోయి మానుకుంది. "వెళ్ళండి" అంది.

ఈ తర్వాతది దోమక్క తిరిగొచ్చాక నాకు చెప్పింది. ఒక్కసారిగా కాదు, రోజుకి కాస్త.

బస్సు దిగి, పెట్టె చంకన పెట్టుకుని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. సన్నటి వీధి, అటూ ఇటూ మూడంతస్తుల ఇళ్ళు. కూతురు తలుపు తీసి, "మీరా అక్కగారూ! మీరొస్తున్నారని తెలిసి నాన్న రాత్రి నుంచీ గడ్డం గీసుకుంటానని గొడవ" అంది. ఆయన కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఉన్నాడు. సగమైపోయాడు. నల్లటి గ్రీజు పోయి గోళ్ళు తెల్లగా, ఎవరి గోళ్ళో అన్నట్టు ఉన్నాయి. మోచేతి దగ్గర కమిలిన మచ్చలున్నాయి.

"దోమలెక్కువండీ ఈ ఊళ్ళో," అన్నాడు ఆయన. "పెంపకం లేని దోమలు."

వేణ్ణీళ్ళు అడిగి తెప్పించుకుంది. వేళ్ళు వెచ్చబెట్టుకుంది. రెండో చెయ్యి అందుకుంది. ఈసారి ఆయన కళ్ళు మూసుకోలేదు, ఆవిడ మొహాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఆవిడే కిటికీలోకి చూసింది.

ట్యూబు నిండాక దాన్ని గ్లాసులో నిలబెట్టింది. రక్తం గడ్డకట్టాలి. ఆ తర్వాత వీధి చివరి ల్యాబు యంత్రంలో గిరగిర తిప్పించి, సీరం తీసుకుని బస్సెక్కాలి. "ఇది గడ్డకట్టేదాకా కూర్చుంటాను," అంది.

"ఎంతసేపు పడుతుంది?"

"ఓ అరగంట."

"నాది నిదానం రక్తమని చెప్పరాదూ?"

మాట్లాడుకున్నారు. ఆస్పత్రి లిఫ్టు సంగతి అడిగాడు. రోలర్లు మార్చారని అబద్ధం చెప్పింది. తర్వాత, "నా అంకెలెలా ఉన్నాయి? మీకు తెలిసే ఉంటుంది" అన్నాడు.

"తెలీదు. మీవి చూడటం ఎప్పుడో మానేశాను."

"ఎందుకని?"

"చూస్తే, మీరొచ్చే రోజు కోసం చూడటం పోయి, రాని రోజు కోసం చూస్తూ కూర్చుంటానేమోనని."

ఆయన మంచం మీద ఉన్న తన చేతిని కొంచెం జరిపాడు. ఆవిడ వేళ్ళకి ఆనేంతవరకు. ఇద్దరూ గ్లాసులో ట్యూబునే చూస్తూ కూర్చున్నారు. కూతురు భోజనానికి పిలిచేసరికి రక్తం గట్టిపడిపోయింది. "రక్తం ఆగదమ్మా, ఇంకోసారి" అని లేచింది. ఆయన గుమ్మం దాకా వచ్చి, తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూస్తే ఇంకా అక్కడే ఉన్నాడు.

ఈసారి సీరం పసుపుపచ్చగా వచ్చింది. ఎల్‌డీహెచ్ మామూలుగానే ఉంది. మిగతావి మాత్రం ఏమంత బాగాలేవు. "ఒక్కటైనా మనవైపు ఉంది," అంది డాక్టరమ్మ. దోమక్కకు నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

ఆ తర్వాత మూడు నెలలకోసారి ఆవిడే సెలవు పెట్టుకుని వెళ్ళేది. పెట్టె ఒళ్ళో పెట్టుకుని పోవడం, పెట్టె ఒళ్ళో పెట్టుకుని రావడం. మధ్యలో ఒక్క అరగంట. ఆ అరగంట కోసం మిగిలిన రోజులన్నీ ఎలాగో దాటేది. వాళ్ళు ఏం మాట్లాడుకున్నారంటే, "ఏముందే, మామూలే" అనేది. ఒక్కసారి మాత్రం, "రిటైరయ్యాక ఆ వీధిలో పైవాటా ఖాళీ ఉంటుందట" అంది. అని, నేను ఏమన్నా అంటానేమోనని గబగబా తెర వెనక్కి వెళ్ళిపోయింది.

ఆయనలాంటి అంకెలున్నవాళ్ళు అన్నాళ్ళుండటం అరుదని డాక్టరమ్మ మొహం చూస్తే తెలిసేది. ఆయన మాత్రం ఉన్నాడు.

అప్పుడు పరిశోధన ముగిసింది. కావాల్సినంతమంది రక్తం వచ్చిందని, ఇక ఫోన్లు చేసి మనుషుల మంచిచెడ్డలు కనుక్కుంటే చాలని డాక్టరమ్మ చెప్పింది. అందరం మిఠాయి తిన్నాం. దోమక్క తన ముక్క కాగితంలో చుట్టి పక్కన పెట్టేసింది.

ఆయన దగ్గరికి వెళ్ళాల్సిన వారం వచ్చింది. ఆవిడ కదల్లేదు.

"వెళ్ళట్లేదా అక్కా?"

"ఏమని వెళ్ళను? రక్తం అక్కర్లేదుగా."

"రక్తం అక్కర్లేకపోతే మనిషి అక్కర్లేదా?"

"నీకు తెలీదు పిల్లా. ఇన్నేళ్ళలో నేను ఒక మనిషి దగ్గరికి సూది లేకుండా వెళ్ళలేదు. ఉత్త చేతుల్తో గుమ్మంలో నిలబడితే, ఎందుకొచ్చావంటే ఏం చెప్పాలి?"

అలా కొన్ని వారాలు గడిచాయి. ఆ వారాల్లో ఆవిడ చిక్కిపోయింది. కోటు నలిగిపోయి ఉండేది. ఒకసారి నరం తప్పింది కూడా. అలా తప్పడం నేను చూడటం అదే మొదలు. చివరికి ఒక శుక్రవారం సాయంత్రం తెర పక్కకి లాగి, "రేపు నేను రాను" అంది.

పెట్టె లేకుండా బస్సెక్కింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదట దారంతా. తలుపు తీసిన కూతురు ఆవిడ వెనక పెట్టె కోసం చూసి, లేకపోవడం చూసి, పక్కకి తప్పుకుంది. "నాన్న రోజూ అడుగుతున్నారు. రక్తం తీసే రోజు దాటిపోయిందే, రాలేదేమని," అంది.

ఆయన ఇక మంచం దిగడం లేదు. మాట మెల్లగా వస్తోంది. ఆవిడ్ని చూసి చెయ్యి చాపాడు, అలవాటు కొద్దీ, మోచెయ్యి పైకి తిప్పి.

"వద్దండీ. ఇవాళ ఊరికే వచ్చా," అంది.

"ఊరికేనా?" అన్నాడు. ఆ మాటను నోట్లో ఉంచుకున్నట్టు ఇంకోసారి, "ఊరికే," అన్నాడు.

ఆరోజు గ్లాసులో ట్యూబు లేదు. మధ్యాహ్నమంతా కూర్చుంది. ఆయన కాసేపు నిద్రపోయాడు, కాసేపు లేచాడు, లేచినప్పుడల్లా ఆవిడ ఉందో లేదో చూసుకున్నాడు. కూతురు కంచం పట్టుకొచ్చి, "పొద్దుటినుంచీ ఏమీ తినలేదు, కాస్త తినండి పిన్నీ" అంది.

ఆ పిల్ల ఆవిడ్ని అంతకుముందు అక్కగారూ అనే పిలిచేది. ఊరంతా పిలిచే పిలుపది. అత్తా అని ఉండొచ్చు, అంటే తండ్రికి చెల్లెలయ్యేది. తల్లి తర్వాత తల్లిని పిలిచే మాట వెతుక్కుని మరీ పిలిచింది. ఆ సంగతి నాకు చెప్తూ దోమక్క, "పిన్నీ అందే" అంది. మళ్ళీ అదే అంది. "పిన్నీ అంది పిల్లా."

తర్వాత రెండుసార్లు వెళ్ళింది, పెట్టె లేకుండానే. మూడోసారికి బయలుదేరాలనుకుంటుండగా ఫోను వచ్చింది. "పిన్నీ" అని మొదలుపెట్టి ఆ పిల్ల ఆగిపోయింది. ఇవతల ఈవిడ, "వస్తున్నానమ్మా" అంది. అంతకన్నా ఏమీ అడగలేదు.

తిరిగొచ్చాక నాతో ఏడవలేదు. పని చేసుకునేది. వెనక మెట్ల వైపు మాత్రం వెళ్ళేది కాదు, టీ గదిలోనే తాగేది, గోడ వైపు తిరిగి.

ఏడాది గడిచాక డాక్టరమ్మ పరిశోధన అచ్చయింది. మా ఇద్దర్నీ పిలిచి, కృతజ్ఞతల్లో మా పేర్లు చూపించింది. దోమక్క అసలు పేరు అచ్చులో చూసి నేనే ఎవరా అనుకున్నాను. ఆవిడ దాన్ని చూడలేదు. పక్క పేజీలో ఒక బొమ్మ ఉంది. మెట్లు మెట్లుగా దిగిపోయే రెండు గీతలు.

"ఇవేంటి డాక్టరమ్మా?"

"పై గీత రక్తంలో అంకెలు బాగున్నవాళ్ళది. కింది గీత బాగాలేనివాళ్ళది. గీత మెట్టు దిగిన ప్రతిచోటా ఒకరో ఇద్దరో పోయారన్నమాట. చూడండి, కిందిది ఎంత త్వరగా దిగిపోయిందో. రక్తం ముందే చెప్తోంది. ఇకమీదట ఇలాంటివాళ్ళని ముందే గుర్తుపట్టి, దగ్గరగా చూసుకోవచ్చు."

దోమక్క కింది గీతను మొదటినుంచీ చూసుకుంటూ వచ్చింది. "ఇందులో ఆయన ఎక్కడ?"

"పేర్లుండవు కదా..." అంటూ డాక్టరమ్మ ఆగింది. ఆ మొహం చూశాక నిజం చెప్పకుండా ఉండలేకపోయింది. "కింది గీతలోనే. కానీ ఈ మొదట్లో కాదు. ఇక్కడ కాదు. ఇదిగో, ఇంత దూరం వచ్చాక, ఈ చివర్లో ఎక్కడో. ఈ అంకెలతో ఇక్కడిదాకా వచ్చినవాళ్ళు బహుకొద్దిమంది. చాలా ఎక్కువ కాలమే ఉన్నారాయన."

దోమక్క ఆ చోటుని చూసింది. అక్కడ గీత కొంతదూరం మెట్టు దిగకుండా తిన్నగా సాగింది. ఆ తిన్నటి ముక్కలోనే ఆవిడ బస్సు ప్రయాణాలన్నీ ఉండి ఉంటాయని నాకనిపించింది.

"ఎక్కువేనంటారా?" అంది.

"ఎక్కువే."

"అయినా చాల్లేదండీ," అంది దోమక్క.

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. దోమక్క లేచి, బయట మనుషులు కూర్చుని ఉన్నారంటూ తన గదికి వెళ్ళిపోయింది.